పూసల పూత యూనిట్ ప్రతిపాదనపై తీర్మానం

స్థలం: బర్వా అల్ బరాహా, ఖతార్. శుక్రవారం, అసర్ నమాజు తరువాత. హాజరు 23.

బర్వా అల్ బరాహాలో ఉంటూ కాంక్రీటు కోత పనికి వెళ్ళే తెలుగువాళ్ళం ఈ శుక్రవారం సమావేశమయ్యాం. చీమకుర్తి సభ్యుడు రెండు నెలల క్రితం మా ముందు పెట్టిన ప్రతిపాదనను చర్చించి కింది తీర్మానాన్ని ఆమోదించాం. మాది రిజిస్టరైన సంఘం కాదు. కార్మిక సంఘం అసలే కాదు; ఈ దేశంలో 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం విదేశీ పనివారికి ఆ వీలు ఇవ్వదని మాకు తెలుసు. ఒకే పని, ఒకే భాష, వారానికోసారి ఒకే గదిలో టీ. అంతే మా బంధం. అయితే ఇది ఆరు కుటుంబాల పొదుపుతో ముడిపడిన సంగతి. రేపు ఒకరు ‘నేనలా అనలేదు’ అని, ఇంకొకరు ‘నాకలా చెప్పలేదు’ అని అనుకోకుండా కాగితం మీద పెడుతున్నాం.

ప్రతిపాదన ఇది. వచ్చే ఏడాదిలోగా ఊరికి తిరిగి వెళ్ళబోతున్న ఆరుగురు తమ పొదుపు కలిపి, ప్రకాశం జిల్లా చీమకుర్తి దగ్గర షెడ్డు అద్దెకు తీసుకుని, డైమండ్ వైర్‌కు వాడే పూసలకు నికెల్ పూత వేసే యూనిట్ పెట్టాలి. తయారైన పూసలను అక్కడి గ్రానైట్ క్వారీలకు అమ్మాలి. వైర్ ఎలా తెగుతుందో, పూస ఎలా అరుగుతుందో మన చేతులకు తెలుసు, ఆ తెలివిని మన ఊళ్ళోనే డబ్బు చేసుకుందాం అన్నది ప్రతిపాదకుడి మాట. ఆ మాటలో తప్పు లేదు. దాని వెనకున్న లెక్కే తప్పని తేలింది. ఎలా తేలిందో రాయకపోతే తీర్మానానికి అర్థం ఉండదు.

ఇంటివాళ్ళు కూడా ఈ కాగితం చదువుతారు కాబట్టి ముందుగా వైర్ సంగతి. సుమారు 5 మిల్లీమీటర్ల లావున్న ఉక్కు తాడుకు, మీటరుకు 40 దాకా చిన్న ఉక్కు గొట్టపు పూసలు గుచ్చుతారు. పూస ఒంటి నిండా వజ్రపు రవ్వలుంటాయి. పూసకూ పూసకూ మధ్య రబ్బరో ప్లాస్టిక్కో పోస్తారు. పాలరాయి కోసే వైర్‌కైతే స్ప్రింగులు పెడతారు. తాడును కాస్త మెలిపెట్టి, రెండు కొనలనూ ఫెర్రూల్ అనే లోహపు గొట్టంలో పెట్టి నొక్కితే దండ తయారు. మెలిపెట్టడం మరిచిపోతే పూస ఒకే పక్క అరిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఆ దండను కోయాల్సిన దూలం చుట్టూ తిప్పి, మిషన్ చక్రానికి తగిలించి, సెకనుకు 20 మీటర్లకు పైబడిన వేగంతో లాగుతాం. పక్కనే నీళ్ళు పడుతూ ఉండాలి.

రవ్వను పూసకు పట్టించే పద్ధతులు ప్రధానంగా రెండు. లోహపు పొడిలో రవ్వలు కలిపి, అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చితే సింటర్డ్ పూస. ఇందులో రవ్వలు లోపలి దాకా ఉంటాయి. పైవి రాలితే కిందవి తేలతాయి. ఉక్కు పూసను నికెల్ ద్రావణంలో ముంచి కరెంటు పెట్టి, పెరుగుతున్న నికెల్‌లో రవ్వలు పాతుకుపోయేలా చేస్తే ప్లేటింగ్ పూస. ఇందులో రవ్వలది ఒకే వరుస. ఆ వరుస పోయిందా, పూస బోడి. 1970ల చివర ఇటలీలో కరారా పాలరాతి గనుల్లో డైమండ్ వైర్ మొదలైనప్పుడు వాడినవి ప్లేటింగ్ పూసలే. గట్టి రాయి జోలికి వెళ్ళేసరికి సింటర్డ్ పూసలు రాక తప్పలేదు.

చీమకుర్తి సభ్యుడి వాదనలో అందరినీ ఆకట్టుకున్న భాగం రాయి గురించి. బ్లాక్ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటారు కానీ భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి రాయి. నల్లటి రాతిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. ఇటు దోహా నేల చూస్తే సున్నపురాయి. గట్టి కాంక్రీటుకు కావలసిన కంకర బయటినుంచే రావాలి. ఎమిరేట్స్ కొండల నుంచి గాబ్రో కంకర వచ్చేది. 2017 జూన్‌లో సరిహద్దులు మూసుకున్నాక ఒమాన్ వైపు తిరిగారు. ‘ఊళ్ళో దిమ్మెలుగా కోసిన రాయినే అన్నా, ఇక్కడ సిమెంటులో ఇరుక్కున్న ముక్కలుగా కోస్తున్నాం. ఇక్కడ పనిచేసిన పూస అక్కడెందుకు పనిచేయదు?’ అని అతను అడిగినప్పుడు గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

జవాబు కరీంనగర్ సభ్యుల నుంచి వచ్చింది. వాళ్ళు టాన్ బ్రౌన్ క్వారీల్లో వైర్‌సా మిషన్ నడిపినవాళ్ళు. ఇక్కడ మేం రోజూ వాడే వైర్లలోనూ ఎక్కువ సింటర్డ్ పూసలవే అని వాళ్ళు గుర్తు చేశారు. ఇనుప చువ్వలు దట్టంగా ఉన్న దూలమో, ఉక్కు పైపో, ప్లేటో కోయాల్సి వస్తేనే సూపర్‌వైజర్ ప్లేటింగ్ పూసల వైర్ తీయిస్తాడు. రవ్వలు బాగా పైకి తేలి ఉండటం వల్ల అది ఉక్కును కొరుకుతుంది. కొత్తలో జోరుగా కోస్తుంది, రవ్వ మొద్దుబారేకొద్దీ నెమ్మదిస్తుంది, ఒక రోజున ఇక చాలంటుంది. గాబ్రో దిమ్మెను నిలువునా దించాల్సిన క్వారీవాడు ఒంటి వరుస రవ్వల పూస కొనడు. కొన్నా రెండోసారి రాడు. ప్రతిపాదనలో సగం ఇక్కడే కూలింది. ఈ మాట ముందే అడిగి ఉంటే రెండు నెలల ఫోన్ ఖర్చు మిగిలేదని ప్రతిపాదకుడే ఒప్పుకున్నాడు.

మరి కొనేదెవరు? తాడిపత్రి, బేతంచర్ల బండలవాళ్ళు అని ఒక మాట వచ్చింది. సున్నపురాయి మెత్తన, ప్లేటింగ్ పూసకు అనువైనదే. కానీ ఆ బండలను ఎక్కువగా చక్రపు బ్లేడుతోనే కోస్తారు, వైర్ పని తక్కువ. సోలార్ పలకల కోసం సిలికాన్ కోసే సన్న వైర్ చేద్దామని అందరిలో చిన్నవాడు అన్నాడు. ఆ తీగ తల వెంట్రుక కంటే సన్నం. కిలోమీటర్ల పొడవున, ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకు ఆగకుండా పారుతూ పూత పడాలి. ఆసిడ్ కడుగుడులోనూ పూతలోనూ పుట్టే హైడ్రోజన్ అంత గట్టి ఉక్కు తీగలోకి దూరితే తీగ పెళుసవుతుంది, ఒక్కచోట తెగితే మొత్తం ఆగుతుంది. అది మన స్థాయి కాదు. దాని మీద ఇంకేం చర్చించలేదు. మిగిలింది హైదరాబాద్, చెన్నై లాంటి ఊళ్ళలో పాత కట్టడాలు కోసే కాంట్రాక్టర్లు, బోడి పూసలకు తిరిగి పూత వేయించుకునేవాళ్ళు. చిన్న బజారు. అబద్ధం బజారు మాత్రం కాదు.

ఇక పూస సంగతి. ఈ తీర్మానానికి మూలం అదే.

గత నెల రాత్రి షిఫ్టులో, మాలో నలుగురు పనిచేస్తున్న ఒక సైటులో చువ్వలు దట్టంగా ఉన్న దూలం కోస్తుండగా వైర్ తెగింది. వేసవి కాబట్టి పని రాత్రికి మారింది. 2021 నాటి 17వ నంబరు మంత్రిత్వ నిర్ణయం ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు పగలు 10 నుంచి 3:30 దాకా ఆరుబయట పని నిషేధం. వైర్ గంటసేపు బాగానే కోసింది, తరువాత జారడం మొదలుపెట్టింది. మిషన్ దగ్గరున్నవాడు కోత తగ్గిందని లాగుడు పెంచాడు. చువ్వ దగ్గర పట్టేసి తెగింది. పూసలు కొన్ని ప్లైవుడ్ అడ్డును చీల్చుకుని లోపల దిగబడ్డాయి. గార్డు సరిగా ఉంది, వైర్ తిరిగే వరుసలో ఎవరూ నిలబడలేదు, అందుకే ఇవాళ 23 మందిమి ఉన్నాం. లేకపోతే ఈ సమావేశం వేరే కారణానికి జరిగేది.

ఆ పూసల్లో ఒకదాన్ని ఫోర్‌మన్‌ను అడిగి తెచ్చుకున్నాం. మామిడికాయ పచ్చడి సీసా మూతలో పెట్టి గది మధ్యలో ఉంచారు. ఒక పక్క రవ్వలు నిక్షేపంగా ఉన్నాయి, ఇసుక కాగితంలా గరగరలాడుతున్నాయి. రెండో పక్క అర్ధచంద్రుడి ఆకారంలో నికెల్ లేచిపోయింది, రవ్వలతో సహా. ఫోన్ కెమెరాను పెద్దది చేసి చూస్తే, లేచిన చోట కింద బూడిదరంగు ఉక్కు కనబడలేదు. నున్నగా, పసుపు చాయతో మెరుస్తూ ఇంకో నికెల్ పొరే ఉంది. ఉల్లిపాయ పై పొర ఒలిస్తే లోపలి పొర కనబడినట్టు. బాలానగర్‌లో నాలుగేళ్ళు ప్లేటింగ్ షాపులో పనిచేసిన మా సభ్యుడు దాన్ని గోటితో తడిమి చెప్పిన మాటలు ఇక్కడ పూర్తిగా రాయిస్తున్నాం.

పూత ఉక్కును వదిలి లేస్తే తప్పు కడుగుడులో ఉంటుంది. నూనె పోలేదు, లేదా తుప్పు పోలేదు. అది చూపించడానికి అతను మెస్‌లో అన్నం తిన్న స్టీలు కంచం ఒకటి, సబ్బుతో రెండుసార్లు తోమిన కంచం ఒకటి తెప్పించి రెంటినీ కుళాయి కింద పెట్టి నిలువుగా ఎత్తాడు. మొదటిదాని మీద నీళ్ళు ముత్యాల్లా విడిపోయాయి. రెండోదాని మీద తెగని పొరలా జారాయి. ప్లేటింగ్ షాపులో ప్రతి పూసకూ ఈ పరీక్ష జరగాలి. నీటి పొర తెగిన పూసను తొట్టిలో దించకూడదు. చాలా షాపుల్లో మధ్యాహ్నం దాకా చూస్తారు, సాయంత్రం లారీ వచ్చే వేళకు చూడరు అన్నాడు.

ఈ పూసది వేరే రోగం. నికెల్ నికెల్‌ను వదిలింది. తొట్టిలో కరెంటు ఆగిన కాసేపటికే నికెల్ ముఖం మీద కంటికి కనబడని ఆక్సైడ్ పొర కడుతుంది. కరెంటు తిరిగి వచ్చాక పెరిగే నికెల్ దాని మీద కూర్చుంటుంది కానీ కిందిదాన్ని పట్టుకోదు. పైకి చూస్తే ఒకే పూత. కొలిస్తే మందం సరిగ్గానే ఉంటుంది. చువ్వ తగిలినప్పుడు బయటపడుతుంది. తొట్టిలో చేరిన జిడ్డు, రసాయనాల చెత్త వల్ల కూడా పొర ఇలా లేవవచ్చు కాబట్టి, కరెంటు పోవడమే కారణమని ఒక్క పూసను చూసి తేల్చి చెప్పలేమని కూడా అతనే అన్నాడు. ఆ వైర్ ఎక్కడ తయారైందో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పే లాట్ చీటీ సైటులో దొరకలేదు.

అసలు పూతకు అంతసేపు ఎందుకు పడుతుందన్న ప్రశ్న వచ్చింది. నీళ్ళ సీసాల అట్టపెట్టె వెనక అతను వేసిన లెక్కను మేమందరం ఎవరి ఫోనులో వాళ్ళం మళ్ళీ వేసి చూశాం. ఒక ఆంపియర్ గంటసేపు పారితే సుమారు 1.1 గ్రాము నికెల్ దిగుతుంది. ఇది ఫారడే నియమం, బేరం లేదు. చదరపు డెసిమీటరుకు, అంటే అరచేయంత మేరకు, ఒక ఆంపియర్ చొప్పున పెడితే పూత గంటకు 12 మైక్రాన్లు పెరుగుతుంది. వైర్ పూసకు వాడే 40–50 మెష్ రవ్వ సుమారు 300 నుంచి 425 మైక్రాన్లు. రవ్వ ఊడకుండా ఉండాలంటే దాని ఎత్తులో 60 శాతానికి పైగా నికెల్‌లో కూరుకోవాలి, అంటే 250 మైక్రాన్లు. రెండు ఆంపియర్ల చొప్పున పెడితే పది గంటల పైమాటే.

మీటరు వైర్‌కు సరిపడే 40 పూసల ఒళ్ళు మొత్తం కలిపితే ముప్పావు చదరపు డెసిమీటరు. దానికి కావలసిన కరెంటు ఒకటిన్నర ఆంపియర్. ‘ఇంతేనా? నా ఫోన్ చార్జర్ ఇస్తుందిగా!’ అన్నాడు చీమకుర్తి సభ్యుడు. ఇంతే. కష్టమంతా ఆ ఒకటిన్నర ఆంపియర్‌ను పది గంటలపాటు రెప్పపాటు కూడా తెగకుండా ఇవ్వడంలో ఉంది.

తొందరపడి కరెంటు రెట్టింపు చేస్తే పని సగం వేళలో అయిపోతుందనుకుంటారు. పూస అంచుల దగ్గర కరెంటు ఎక్కువ పోగవుతుంది, అక్కడ నికెల్ బుడిపెలు కట్టి నల్లగా మాడుతుంది. నడుము పల్చగా మిగులుతుంది. హైడ్రోజన్ బుడగలు అంటుకున్న చోట గుండుసూది గుంతలు పడతాయి. రవ్వల్లోనూ తేడాలుంటాయి. కార్ఖానాలో గ్రాఫైట్‌ను ఇనుము, నికెల్ లాంటి లోహాలతో కలిపి భారీ ఒత్తిడిలో వండితే వచ్చే వజ్రం ఇది. 1955లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రకటించిన పద్ధతి. ఆ లోహపు నలుసులు రవ్వలో మిగిలితే రవ్వే కరెంటును మోస్తుంది, నికెల్ దాని నెత్తికెక్కి టోపీ పెట్టినట్టు కప్పేస్తుంది, ఇక అది కోయదు. ఆసిడ్‌తో కడిగిన రవ్వే కొనాలి. కృష్ణ ఒడ్డున ఒకప్పుడు కొల్లూరు వజ్రాల గనులున్న రాష్ట్రానికి వజ్రాలను సంచుల్లో దిగుమతి చేసుకోవాల్సి వచ్చిందని గుంటూరు సభ్యుడు నవ్వాడు. దీన్ని తీర్మానంలో రాయనక్కర్లేదని కొందరన్నారు, రాశాం.

రవ్వను మొదట పలచటి పొరతో తగిలించి, ఎక్కువైనవి దులిపేసి, తరువాత పాతుకునే పొర వేయాలి. మొదటి పొర పల్చనైతే రవ్వలు దులుపుడులోనే రాలతాయి. మందమైతే రెండో వరుస రవ్వలు ముద్దలుగా అంటుకుంటాయి. చివరి పొర మరీ ఎక్కువైతే రవ్వ మునిగి, పూస కోయకుండా రాసుకుని వేడెక్కుతుంది. అంటే అటు ఊడకూడదు, ఇటు మునగకూడదు. ఆ సందు వంద మైక్రాన్ల పైచిలుకు మాత్రమే.

నీళ్ళ విషయంలో ప్రకాశం జిల్లావాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. కనిగిరి ఫ్లోరైడ్ గురించి అందరికీ తెలుసు. పూతకు మాత్రం శత్రువు బోరు నీటిలోని కాల్షియం. నికెల్ సల్ఫేట్, నికెల్ క్లోరైడ్, బోరిక్ ఆసిడ్ కలిపిన తొట్టిని వాట్స్ తొట్టి అంటారు, 1916 నుంచి ఉన్న పద్ధతి. 60 డిగ్రీల దగ్గర అందులో కాల్షియం సల్ఫేట్ సూదుల్లా విరిగి పూత మీద దిగుతుంది. ఆవిరైన నీటికి బదులు రోజూ బోరు నీళ్ళు పోస్తే నెలలో తొట్టి పాడవుతుంది. ఖనిజాలు తీసేసిన నీళ్ళే పోయాలి.

తొట్టి నుంచి బయటికి పోయే నీళ్ళ గురించి ప్రతిపాదనలో ఒక్క ముక్క లేదు. సమావేశం దీన్ని పెద్ద లోపంగా భావిస్తున్నది. నికెల్ సమ్మేళనాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. ప్లేటింగ్ షాపులో చేతులకు పట్టే నికెల్ దురద మా బాలానగర్ సభ్యుడి ముంజేతుల మీద ఇప్పటికీ కనబడుతుంది, ఎండాకాలంలో ఎర్రబడుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016 వర్గీకరణలో ఎలక్ట్రోప్లేటింగ్ రెడ్ కేటగిరీ. వదిలే నీటిలో నికెల్ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. అద్దె షెడ్డులో తొట్టి పెట్టి కడుగుడు నీళ్ళు వెనక కాలువలోకి వదిలేస్తే, చీమకుర్తి పక్కనే రామతీర్థం రిజర్వాయర్ ఉంది. ఆ నీళ్ళు తాగేది మన ఇళ్ళవాళ్ళే.

పై విషయాలన్నీ విచారించిన మీదట ఈ సమావేశం తీర్మానించినది ఏమనగా:

1. చీమకుర్తి గ్రానైట్ క్వారీల కోసం నికెల్ పూత పూసలు తయారు చేయాలన్న ప్రతిపాదనను, అది పెట్టిన రూపంలో, ఆమోదించడం లేదు. షెడ్డుకు ఇస్తామన్న అడ్వాన్సు ఇవ్వరాదు. ప్రతిపాదకుడు షెడ్డు మాట్లాడుతున్న తన బావమరిదికి ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పాలి.

2. దాని బదులు, ఉక్కు కోతకు వాడే పూసలకూ, అరిగిన పూసల మీద తిరిగి వేసే పూతకూ పరిమితమైన నమూనా పని చేసి చూడాలి. దీనికి సొంత తొట్టి పెట్టరాదు. కాలుష్య మండలి అనుమతి ఉన్న ప్లేటింగ్ షాపులో డబ్బు కట్టి తొట్టి వాడుకోవాలి. బాలానగర్ సభ్యుడు వచ్చే సెలవులో వెళ్ళినప్పుడు ఇద్దరిని వెంట తీసుకెళ్ళి కనీసం ఆరు వారాలు వాళ్ళ చేత పని చేయించాలి. చూపిస్తే చాలదు, చేయించాలి. ఒక విడతకు 40 పూసలు. ప్రతి విడతలో నాలుగు పూసలను బల్లకు బిగించి సుత్తితో చదును చేసి, పూత ఎక్కడ లేచిందో, కింద ఉక్కు కనబడిందా నికెల్ కనబడిందా రాయాలి. వరుసగా పది విడతలు పొర లేవకుండా వస్తేనే సొంత యూనిట్ మాట. తొమ్మిదో విడతలో లేచినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ‘పది మరీ ఎక్కువ’ అన్నవారు ఐదుగురు; ఓటింగులో పదే నిలిచింది.

3. ఎప్పుడు ఎక్కడ పూత వేసినా తొట్టికి కరెంటు అందించే రెక్టిఫయర్‌కు ఇన్వర్టర్ ఉండాలి. కావలసిన కరెంటు ఇంత తక్కువ కాబట్టి ఇంట్లో ఫ్యాన్లు తిప్పే ఇన్వర్టర్ సరిపోతుంది. తొట్టి వేడికి వేరే ఏర్పాటు చూసుకోవాలి. కరెంటు పోయిందని తెలిస్తే, అది ఎంతసేపైనా సరే, ఆ విడత పూసలను తీసి ఆసిడ్‌లో ముఖం శుభ్రం చేసి, క్లోరైడ్ తొట్టిలో పట్టు కోసం వేసే తొలి పూత మళ్ళీ వేశాకే కొనసాగించాలి. లేదా పారేయాలి. ‘కనబడదులే’ అని వదిలేసినవాడు ఈ పనిలో ఉండరాదు.

4. డబ్బు. ఖతార్‌లో ఎవరి దగ్గరా ఎవరూ ఒక్క రియాల్ వసూలు చేయరాదు. చిట్టీ వేయరాదు. నమూనా పని ఖర్చు ఆ ఆరుగురు తమ తమ ఇండియా ఖాతాల నుంచి నేరుగా షాపుకు కట్టాలి, రసీదు ఫొటో మా ఫోన్ గ్రూపులో పెట్టాలి. కుటుంబం ఒప్పుకోకుండా నగ కుదువ పెట్టి తెచ్చిన డబ్బును అంగీకరించరాదు. (ఈ వాక్యం నిజామాబాద్ సభ్యుడి పట్టుదల మీద చేరింది. కారణం అతను చెప్పలేదు, మేం అడగలేదు.)

5. ఇక్కడి పని విషయంలో, ప్లేటింగ్ పూసల వైర్ బిగించే ముందు మాలో ప్రతివాడూ మీటరుకు ఐదు పూసల చొప్పున వేలితో తిప్పి చూడాలి. ముద్దలు, బోడి మచ్చలు, అంచున నల్లబడ్డ బుడిపెలు, పొర లేచిన గీత కనబడితే ఫోర్‌మన్‌కు చూపి నోటు పుస్తకంలో రాయాలి. వైర్ డబ్బా మీది లాట్ నంబరును ఫొటో తీసి ఉంచాలి. ఆ నంబరు సైటు రికార్డులో నమోదయ్యేలా చూడమని ఎవరి కంపెనీ సేఫ్టీ ఆఫీసర్‌ను వారు మర్యాదగా, రాతపూర్వకంగా కోరాలి. కోరిక ఉమ్మడి పేరు మీద పోరాదు.

6. కోత నెమ్మదిస్తే లాగుడు పెంచరాదు. మిషన్ ఆపి వైర్ చూడాలి. ఆపినందుకు తిట్లు పడితే పడనీ. వైర్ తిరుగుతున్నంతసేపు దాని వరుసలో, గార్డు ఉన్నా సరే, ఎవరూ నిలబడరాదు. ఫోన్ మాట్లాడుతూ అటు నడిచిన ఇద్దరి పేర్లు సమావేశానికి తెలుసు, ఈసారికి రాయడం లేదు.

7. ఈ కాగితంలోని పూత లెక్కను, కంచం పరీక్షను, పూస చూసే పద్ధతిని ఒకే పేజీ తెలుగులో రాసి ఊరికి వెళ్ళేవారికి ఇవ్వాలి. కొత్త ద్రావణం, జిడ్డు, పూతలో ఒత్తిడి లాంటి సందేహాలను కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థకు లేఖ రాసి అడగాలి. లేఖను ఇంగ్లీషులో రాసే బాధ్యత గ్రూపులో డిప్లొమా చదివిన సభ్యుడిది. పది రోజుల గడువు.

1, 3, 4, 5, 6, 7 అంశాలు ఏకగ్రీవం. 2వ అంశాన్ని 16 మంది సమర్థించారు, ఐదుగురు వ్యతిరేకించారు. ఇద్దరు నైట్ షిఫ్టు బస్సు కోసం అప్పటికే కిందికి వెళ్ళారు. వాళ్ళ అభిప్రాయం ఫోన్‌లో తీసుకుందామన్న సూచనను అంగీకరించలేదు.

భిన్నాభిప్రాయం నమోదు చేయమని చీమకుర్తి సభ్యుడు కోరాడు. అతని మాటలు: ‘పది విడతలు, ఆరు వారాలు అంటున్నారు. నాకు సెలవు 30 రోజులే. మీరన్న లెక్క కాదనను. కానీ పదేళ్ళుగా ఇంకొకరి వైర్ మీద నా చేతులు పెడుతున్నాను. నా వైర్ మీద పెట్టే రోజు ఎప్పుడో కూడా ఈ కాగితంలో రాయండి.’ దానికి తేదీ రాయలేమని సమావేశం చెప్పింది. సెలవు పొడిగింపు కోసం అతని కంపెనీకి అర్జీ రాయడంలో సాయం చేయాలని మాత్రం తీర్మానానికి జతచేసింది.

పచ్చడి సీసా మూతలోని పూసను బాలానగర్ సభ్యుడి అలమారాలో ఉంచారు. తరువాతి సమావేశం వచ్చే నెల మొదటి శుక్రవారం, ఇదే గదిలో. ఆ రోజు టీ పొడి, పాలు తేవడం కరీంనగర్ సభ్యుల వంతు.